నాయన రానిదే రేకు ముట్టడు

టింకరింగు మేస్త్రీ చచ్చిపోయిన సంగతి నాకు ఆయప్ప షెడ్డు ముందర బ్రేకు ఏసినాక తెల్సింది. పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు కారు తోలుకోని వస్తే షెడ్డుకు తాళం. ఆదివారం తప్ప తాళం ఏసే మనిషి కాదు ఆయప్ప. ఆ దినం శనివారం. పక్కన టీ అంగడి ఆయమ్మ గ్లాసులు కడుగుతా, తల ఎత్తకుండానే చెప్పింది.

"మేస్త్రీ కోసమా? ఆయప్ప పోయి పదకొండు దినాలాయ కదప్పా. గుండెల్లో నొప్పి అన్యాడు, పండుకున్యాడు, అంతే."

నాకు ఏడుపు రాలే. ముందుగాల కోపమొచ్చె. ఇంతమంది చేతుల్లో ఫోన్లుండాయి, దినమంతా పనికిమాలిన వీడియోలు పంపుకుంటాంటారు, ఒక మనిషి పోయినాడని చెప్పేకి ఎవునికీ చేతకాలే. తర్వాత ఆయప్ప మీదనే కోపమొచ్చె. రెండేండ్ల నుంచి నా పానం తీసి, సరిగ్గా నాకు నీ తిట్లు కావాల్సిన దినం లేకుండా పోతే ఎట్ల మేస్త్రీ?

నేను తోలుకోని వచ్చిన కారు మా నాయనది. కొన్నది మొన్ననే. ఎడం పక్క రెండు తలుపుల మీద బెత్తెడు వెడల్పున సొట్ట. చేసినోడు మా అక్క కొడుకు, నంద్యాలలో ఇంజనీరింగు చదువుతాండాడు. ముందురోజు సాయంత్రం ఆళ్లగడ్డలో నా విత్తనాల అంగట్లోకి వచ్చి, మొగం ఇంత చిన్నది చేసుకోని, "మామా, తాతకు చెప్పొద్దు మామా. ఈ రాత్రికి తాత పొలం కాడనే పండుకుంటాడు, రేపు వచ్చేలోపల చేపిచ్చు మామా" అన్యాడు. "సరే పో" అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆలోచన గీలోచన ఏమీ లే.

ఇదే మాట ఇంతకుముందు ఇంగొకడు అన్యాడు నాతో. నా తమ్ముడు. వాడు నంద్యాల ఆళ్లగడ్డ రోడ్డు మీదనే, కారులోనే పోయినాడు. రెండేండ్లు దాటింది. అయినా నా నోటికి సిగ్గు రాలే.

నంద్యాలలో టింకరింగు షెడ్లకు కొదవలేదు. యాడికి పోయినా సొట్ట తీసిస్తారు. ఈయప్ప మాత్రం ఈ పని చేయడని నాకు బాగ తెల్సు. తెల్సీ స్టీరింగు ఈ పక్కకే తిప్పితి. తిట్లు తిందామనే వచ్చింటా అనుకుంటా. నన్ను తిట్టేకి హక్కుండేది లోకంలో ఆయప్ప ఒక్కనికే.

ఆయప్పకు పేరు లేకపోలేదు. చర్చిలో పెట్టిన పేరు ఉండాది. కానీ ఆ పేరుతో పిల్చినోళ్లను నేను చూల్లే. అందరికీ మేస్త్రీనే. పొట్టి మనిషి, మెడ మీద ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాల. కండ్లద్దాలకు ఒక పక్క కాడ ఇరిగిపోతే దారం కట్టి చెవికి తగిలిచ్చుకున్యాడు, ఆ దారం మాసి నల్లగ అయినా మార్చలే. ముప్పై ఏండ్లు సుత్తి మోత విని విని చెవులు సగం పోయినాయి. దాంతో మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్లే ఉంటాది. రోడ్డు మీద పోయేటోనికి షెడ్డులో ఏందో పెద్ద గలాటా జరుగుతాందని అనిపిస్తాది. తొంగి చూస్తే ఆయప్ప ఎవుర్నో "టీ తాగుతావా?" అని అడుగుతాంటాడు.

ఆదివారం సుత్తి ముట్టడు. తెల్లచొక్కా ఏసుకోని చర్చికి పోతాడు. ఆడ గూడా పాట అందరికంటే గట్టిగ పాడతాంటే, ఒకసారి పాస్టరుగారు "కొంచెం మెల్లగా మేస్త్రీ" అన్యాడంట. ఈయప్ప "పాడేది మెల్లగానే కదయ్యా" అని అరిచినాడంట. ఈ సంగతి నాకు చెప్పింది ఆయప్పనే. చెప్పి పకపకా నవ్వినాడు.

ఇన్ని కార్లు బాగుచేసిన మనిషికి కారు తోలేకి రాదు. నేర్చుకోలే. సైకిలు మీదనే తిరుగుతాడు. ఆళ్లగడ్డకు రావల్లంటే బస్సే, అదీ ఎనక సీట్లో. "రా మేస్త్రీ, నా కార్లో దింపుతా" అని ఎన్నిసార్లు అంటినో. "నేను తలుపు ఊడదీసి లోపల చూసినోన్ని అప్పా. అదెంత పల్చగ ఉంటాదో మీకు తెల్దు, నాకు తెల్సు" అంటాడు. ఎక్కడు గాక ఎక్కడు. మొండితనమంటే అట్లాంటిట్లాంటి మొండితనం కాదు.

కారు రేకును ఆయప్ప కండ్లతో చూడడు. కండ్లు మూసుకోని ఎడం చెయ్యి ఏసి నిమురుతాడు, ఈనిన ఎనుమును, అదే బర్రెను, నిమిరినట్లు మెల్లగా. ఈడ దెబ్బ మొదలయింది, ఈడ ఆగింది, ఈడ ముందే ఎవురో పుట్టీ పూసి మోసం చేసినారు అని చెప్పుకుంటా పోతాడు. నాకు ఆ చేతి కింద ఏమీ కనపడేది కాదు.

ఇంగ ఆయప్ప పనికి ఒక పద్ధతి ఉండాది. బండి తెచ్చినోడు, అంటే గుద్దినప్పుడు స్టీరింగు పట్టుకున్నోడే, వచ్చి తిరగేసిన పెయింటు డబ్బా మీద కూర్చోవల్ల. కూర్చోని జరిగింది జరిగినట్లు చెప్పల్ల. ఎంత జోరుతో పోతాండావు, యాడ చూస్తాండావు, ఏం తగిలింది, ఎట్ల తగిలింది. అంతా విన్యాకనే సుత్తి తీస్తాడు. "దెబ్బ ఏ దారిన వచ్చిందో ఆ దారినే ఎనక్కి పంపల్ల. కడాకు పడింది ముందుగాల తీయల్ల, మొదట పడింది కడాకు తీయల్ల. నువ్వు అబద్ధం చెప్తే నేను తప్పు కాడ కొడ్తా, రేకు సాగిపోతాది" అంటాడు. అది నిజమే అని ఆ పని తెల్సినోళ్లు గూడా చెప్పినారు.

పిల్లోళ్లు ఊరికె నిజం చెప్తారా? ఒకడు నా ముందరనే, "నిలబెట్టింటే ఎవడో గుద్ది పోయినాడు మేస్త్రీ" అన్యాడు. మేస్త్రీ బంపరు సందులో వేలు పెట్టి నాలుగు నల్ల ఎంట్రుకలు బయటికి తీసి, వాని అరచేతిలో పెట్టినాడు.

"ఎనుము వచ్చి గుద్ది పోయిందా నాయనా? దానికి లైసెన్సు ఉండాదా?"

వాడు గమ్మున డబ్బా మీద కూర్చున్యాడు.

ఇట్ల నంద్యాలలో కారుండే ప్రతి పిల్లోని గుట్టు ఆయప్ప దగ్గర ఉండేది. గుట్టు అని ఎందుకంటాండా అంటే, పిల్లోళ్లందరిదీ ఒకటే మాట. నాయనకు తెల్వకముందే చేయి మేస్త్రీ. ఆయప్ప నోటికొచ్చినట్లు తిట్టి, తిట్టుకుంటానే చేసి ఇస్తాండె. పనితనం ఎట్లాంటిదంటే, చేసినాక యాడ పడిందో ఆ పిల్లోనికే గుర్తుండదు. సాయంత్రానికి కారు ఇంటి ముందర నిగనిగలాడుతా నిలబడి ఉంటాది. నాయన వచ్చి చూస్తాడు, మీసం దువ్వుకుంటాడు, నా కొడుకు బంగారం మాదిరి తోలుతాడు అనుకుంటాడు. ఊర్లో నాయన్లందరూ అట్లే అనుకుంటాండ్రి.

ఇప్పుడు తల్చుకుంటే తిక్క రేగుతాది. మేస్త్రీ మీద, నా మీద, అందరి మీద. ఇంటరు పాసయినాడని కారు, పాస్ గాలేదని అలిగితే కారు. ఆ కారుకు తెచ్చిన దినం నుంచి మొదలు. సైలెన్సరు కోపిచ్చేది, అద్దాలకు నల్ల కాయితం అతికిచ్చేది, ముందర లైట్లు ఎదురొచ్చేటోని కండ్లు పోయేటట్లు పెట్టిచ్చేది. రోడ్డు నాలుగు వరసలు చేసి నున్నగ చేసినారు, వీళ్ల బుర్రలు గూడా అంతే నున్నగ అయిపాయె. నంద్యాల చివర పెట్రోలు బంకు కాడ నుంచి ఆళ్లగడ్డకు ఎవడు ఎంత బేగా వస్తాడని పందెం. మీటరు ముల్లును ఒక చేత్తో ఫోన్లో పట్టేది, ఇంగొక చేత్తో స్టీరింగు. ఏందిరా ఇది అంటే, "నీకు తెల్దులే అన్నా" అంటారు. అవు, నాకేం తెల్సు? శవాన్ని మోసేది మాత్రం నాకు తెల్సు.

మా తమ్మునికి ఇరవైమూడు. కారంటే పిచ్చి. పిచ్చి అంటే మామూలుగా కాదు, పొద్దున లేస్తానే మొగం కడుక్కోకుండా కారు తుడిచేవాడు. అమ్మ టిఫిను పెట్టి పిలుస్తాంటే బానెట్టు ఎత్తి లోపల తల పెట్టి ఉంటాడు. ఎవురి కారు శబ్దం విన్యా ఫలానా బండి అని చెప్తాడు. మనసు మంచిదే, ఎవురికి ఆపదొచ్చినా వీని కారే పోతాది. జోరు మాత్రం తగ్గడు.

మొదటిసారి డివైడరు రాయికి ముందర చక్రం కాడ తగిలిచ్చినాడు. "నాయనకు చెప్పొద్దన్నా" అన్యాడు. మా నాయన మాట మీద నిలబడే మనిషి. చెయ్యి గూడా మాట కంటే ముందే లేస్తాది. బండికి ఏమన్నా అయితే అమ్మిపారేస్తానని కొన్న దినమే చెప్పినాడు. ఇంట్లో రచ్చ ఎందుకులే అని నేనే మేస్త్రీ దగ్గరికి తోడుకోని పోతి. వాడు డబ్బా మీద కూర్చోని చెప్పినాడు, మేస్త్రీ తిట్టినాడు, సాయంత్రానికి ఇచ్చినాడు.

రెండోసారి ఎనుము. అది లేచి నడుచుకుంటా పోయింది గానీ లైటు పగిలింది, బానెట్టు ముడుచుకుంది. ఆ దినమే మేస్త్రీ లోపలికి తల పెట్టి, సీటు పక్కన బెల్టు తగిలిచ్చే సందులోంచి ఒక ఇనప కొక్కెం పీకినాడు. బెల్టు లేదు, ఏమీ లేదు, వట్టి కొక్కెం.

"ఇదేందప్పా?"

"బెల్టు పెట్టుకోకుంటే బండి కుయ్ కుయ్ అని అరుస్తాది మేస్త్రీ. ఇది పెడితే గమ్మునుంటాది. అందరూ పెట్టుకుంటారు" అన్యాడు మా తమ్ముడు, పెద్ద తెలివైన పని చేసినట్లు.

మేస్త్రీ నా దిక్కు చూసినాడు. "బండి మంచి చెప్తాంటే నోట్లో గుడ్డ కుక్కినాడు చూడప్పా నీ తమ్ముడు" అని ఆ కొక్కేన్ని రోడ్డవతల కాలవలోకి ఇసిరేసినాడు. నేను నవ్వితి. నిజం చెప్పల్లంటే నవ్వే వచ్చింది నాకు.

మూడోసారి నంద్యాలలోనే. స్కూటరు మీద పోతాండే ఒక పెద్దాయనకు ఎడం పక్క రాసుకోని పోయినాడు. ఆయన కిందపడినాడు, మోకాలు చీరుకపోయింది. నేనే పోయి ఆస్పత్రిలో కట్టు కట్టిచ్చి, చేతులు పట్టుకోని, ఇంటికాడ దింపి వస్తి. ఆ పెద్దాయన మంచోడు గాబట్టి కేసు పెట్టలే. కారు తీస్కోని మళ్లీ మేస్త్రీ దగ్గరికి పోతిమి.

మా తమ్ముడు డబ్బా మీద కూర్చోని అంతా చెప్పినాడు. ఈసారి మేస్త్రీ తిట్టలే. కండ్లద్దాలు తీసి తువ్వాలతో తుడుచుకున్యాడు.

"మొదుట్లో రాయి. తర్వాత ఎనుము. ఇప్పుడు మనిషి. పైపైకి పోతాండావప్పా నువ్వు" అన్యాడు. తర్వాత నా దిక్కు తిరిగినాడు. "ఇంగ నేను ముట్టను. మీ నాయనను తోడుకోని రాపో. ఆయన నిలబడి వినల్ల, వీడు ఆయన ముందర చెప్పల్ల. అప్పుడు తీస్తా సుత్తి."

"మా నాయన సంగతి నీకు తెల్దు మేస్త్రీ. కొడ్తాడు."

"కొట్టనీ."

"బండి అమ్మేస్తాడు."

"అమ్మనీ."

"ఇంట్లో పెద్ద రచ్చ అయితాది. మా అమ్మకు బీపీ."

"కానీ అప్పా రచ్చ! రచ్చ అయితే మనిషి చస్తాడా?"

ఆయప్ప గొంతు ఎట్లాంటిదో చెప్పినా కదా. రోడ్డు మీద పోయేటోళ్లంతా ఆగి చూస్తాండారు. నాకు తల తీసేసినట్లయింది. "నీ పని రేకు తీసేది. మా ఇంటి సంగతి నీకెందుకు?" అంటి నేను. ఈ మాట నేను అన్నదే. ఎవురి మీదా తోసేకి లేదు.

"నేనూ ఇన్ని దినాలు అట్లే అనుకుంటినప్పా. మీ నాయన చూడాల్సిందాన్ని రెండుసార్లు నేనే తుడిచేస్తి. మూడోసారి తుడవను" అని మేస్త్రీ సుత్తి తీసి మూలకు పెట్టి, టీ తాగేకి పోయినాడు.

ముసిలోనికి చాదస్తం పట్టింది అనుకుంటి. బనగానపల్లెలో ఇంగొక షెడ్డు ఉండాదంటే ఆడికి తోలుకోని పోతి. ఆడ డబ్బా లేదు, అడిగేది లేదు. పుట్టీ పూసినాడు, రంగు కొట్టినాడు, ఇచ్చినాడు. వచ్చేటప్పుడు దారిలో మా తమ్ముడు "నువ్వుండావు గాబట్టి సరిపోయె అన్నా" అన్యాడు. నాకు గర్వంగా అనిపించింది. గర్వం! నన్ను చెప్పుతో కొట్టల్ల.

నాలుగు నెలలకు, పట్టపగలు, సిరివెళ్ల దాటినాక, ముందర పోయే బస్సును ఎడం పక్క నుంచి దాటల్లని తిప్పినాడు. ఎడం పక్క రోడ్డు వారన ట్రాక్టరు ట్రాలీ నిలబెట్టి ఉండాది. బెల్టు సందులో మళ్లీ కొత్త కొక్కెం కొనుక్కోని పెట్టుకున్యాడు. బండి అరవలే.

మట్టి చేసిన దినం మేస్త్రీ బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చినాడు. మా ఇంటి గోడ వారన నిలబడుకున్యాడు. మా నాయన అరుగు మీద కూర్చోని, వచ్చినోళ్లందరికీ ఒకటే మాట చెప్తాండాడు. "రెండేండ్లు బండి మీద గీత పడనీలేదప్పా నా కొడుకు. అంత జాగర్తగా తోలేటోడు. ఆ ట్రాలీ నాయాలు రోడ్డు మీద పెట్టి చంపినాడు." మేస్త్రీ ఆ మాట విన్యాడు. చెవులు సగమే పని చేసినా ఆ మాట మాత్రం బాగ వినపడింది. నా దిక్కు చూసినాడు. నేను తల దించుకుంటి.

పోయేటప్పుడు నా భుజం పట్టుకోని, "చెప్పప్పా మీ నాయనకు" అన్యాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడినాడు.

"ఇప్పుడా మేస్త్రీ?"

"ఇప్పుడు గాదు. చెప్పు గానీ."

ఇంగ ఆడ నుంచి మొదలాయ నాకు నరకం. విత్తనాల కోసం నేను వారానికొకసారి నంద్యాలకు పోతా. యాడ కనపడినా సైకిలు గంట కొట్టి ఆపుతాడు. బాగుండావా లేదు, తిన్యావా లేదు. "చెప్పినావా?" నేను "లే" అంటా. "ఊ" అంటాడు, పోతాడు. ఒకసారి బస్టాండులో ఈ పక్క నేను, ఆ పక్క ఆయప్ప, నడాన పన్నెండు బస్సులు. ఆడ నుంచి అరుస్తాడు, "చెప్పినావా అప్పా?" అని. బస్టాండంతా నన్నే చూస్తాది. నేను ఆయప్పను చూసి సందుల్లో దూరి దాక్కున్న దినాలు గూడా ఉండాయి.

ఒకసారి నాకు ఓపిక పోయి, "చెప్పి ఏం లాభం మేస్త్రీ? పోయినోడు ఎనక్కి వస్తాడా?" అంటి.

"పోయినోని కోసం గాదప్పా. మీ ఇంట్లో ఇంగా కార్లు వస్తాయి. ఇంగా పిల్లోళ్లు ఎక్కుతారు" అన్యాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వారం దినాలు ఆ వీధి దిక్కు పోలే.

ఆయప్ప మాత్రం ఊరికె నన్ను పీడించి గమ్మునుండలే. షెడ్డు మీద తనే ఎర్ర రంగుతో రాసుకున్యాడు, వంకర టింకర అక్షరాలతో. నాయన రానిదే రేకు ముట్టను. ఇంగేముంది, పిల్లోళ్లు రావడం మానేసినారు. సగం పని పాయె. వచ్చిన నాయన్లు గూడా తిట్టిపోతాండ్రి. "నా బండి, నా కొడుకు, నడాన నువ్వెవురయ్యా?" అని. మేస్త్రీ "నేను టింకరింగు మేస్త్రీనప్పా, ఇంగెవుర్ని?" అని అంతకంటే గట్టిగ అరుస్తాండె.

ఒకడైతే టీ అంగడికి వచ్చే ఎవురో ముసలాయనను నాయన అని తోడుకోని వచ్చినాడు. ఆయనకు ఇస్త్రీ చొక్కా గూడా తొడిగిచ్చినాడు. మేస్త్రీ ఆయనను నిలబెట్టి, "నీ కొడుకు ఏం చదువుతాండాడు పెద్దాయనా?" అని అడిగితే, ఆయన ఆ పిల్లోని దిక్కు తిరిగి "ఏం చదువుతాండావు నాయనా?" అన్యాడంట. నవ్వల్లనా, ఏడ్వల్లనా?

కానీ ఒకసారి పాములపాడు నుంచి నిజంగానే ఒక నాయన వచ్చినాడు. కొడుకు చెప్పేదంతా నిలబడి విన్యాడు. కారు తాళం తీసి జోబులో ఏసుకోని, కొడుకును తోడుకోని బస్టాండుకు నడిచి పోయినాడు. ఆ దినం మేస్త్రీ నాకు ఫోన్ చేసినాడు. "ఒకడు దక్కినాడప్పా!" అని ఎగిరి గంతేసినట్లు అరిచినాడు. చెవి కాడ నుంచి ఫోను దూరంగా పట్టుకుంటి. నాకు గూడా సంతోషమే అయింది. అంతలోనే, "సరే గానీ, చెప్పినావా?" అన్యాడు. నేను ఫోన్ పెట్టేస్తి. అదే కడా మాట. తర్వాత ఆయప్ప చేయలే, నేనూ చేయలే, ఆ వీధి దిక్కు గూడా పోలే.

ఈ మధ్యలో మా నాయన కొత్త కారు తెచ్చినాడు. మనవనికి పద్దెనిమిది నిండినాయి, లైసెన్సు వచ్చింది. తాళం వాని చేతిలో పెడతా అందరి ముందర చెప్పినాడు. "మీ చిన్న మామ మాదిరి తోలల్ల రా. రెండేండ్లు గీత పడనీలే వాడు." వాడు తల ఊపినాడు. నేను పక్కనే నిలబడి ఉండా. మా అక్క కండ్లు తుడుచుకుంటాండాది. అప్పుడన్నా నోరు తెరవచ్చు కదా నేను? తెరవలే. మిఠాయి నోట్లో పెట్టినారు, నమిలి మింగితి.

ఇదంతా తల్చుకుంటా ఎంతసేపు నిలబడితినో తాళమేసిన షెడ్డు ముందర. టీ అంగడి ఆయమ్మకు జాలి పుట్టినట్లుంది. "సొట్ట తీపిచ్చల్లనా? ఆ మలుపులో ఒక పిల్లోడు కొత్తగ పెట్టినాడప్పా. బేగా చేసిస్తాడు" అనింది. సరే అని ఆడికీ పోతి. ఎందుకు అబద్ధం చెప్పల్ల, పోతి. ఆ పిల్లోడు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగినాడు.

"మధ్యాహ్నానికి అయిపోతాదన్నా. ఎవురూ కనుక్కోలేరు."

"ఎట్ల జరిగిందో అడగవా?" అంటి.

"నాకెందుకన్నా?"

వానిది తప్పేముంది? వాని పని వాడు చేస్తాండాడు. కానీ ఆ "నాకెందుకన్నా" వినేసరికి నాకు ఒళ్లు మండింది. వాని మీద కాదు. రివర్సు గేరు ఏసి, సొట్ట సొట్టగానే ఆళ్లగడ్డకు వచ్చేస్తి. సిరివెళ్ల దాటినాక ఆ చోటు కాడ కారు ఆపల్లనుకుంటి గానీ ఆపలే. ఆపితే మళ్లీ ధైర్యం పోతాదని భయం. దారిలో మా అక్క కొడుకు మూడుసార్లు ఫోన్ చేసినాడు. "అయిందా మామా? అయిందా?" అని. "నువ్వు ఇంటికి రా. ఇప్పుడే రా" అంటి.

నేను పోయేసరికి మా నాయన పొలం కాడ నుంచి వచ్చి, గడప ముందర కాళ్లు కడుక్కుంటాండాడు. కారు చూసినాడు. చెంబు కింద పెట్టినాడు. సొట్ట మీద చెయ్యి పెట్టినాడు.

"ఎవురు?"

మా అక్క కొడుకు వాకిలి కాడ అప్పుడే వచ్చి నిలబడినాడు.

"వాడు. నీకు తెల్వకుండా చేపిద్దామని నేనే నంద్యాలకు పోయింటి" అంటి.

మా నాయన చెయ్యి లేచింది. వాని మీదికో నా మీదికో తెల్దు. "తూ, మీ చిన్న మామను చూసి నేర్చుకోరా! రెండేండ్లు..." అని మొదలుపెట్టినాడు.

"గీత పడింది నాయనా" అంటి. "మూడుసార్లు పడింది."

చెయ్యి అట్లే ఆగిపాయె. నేను అంతా చెప్తి. రాయి, ఎనుము, మనిషి. మేస్త్రీ, బనగానపల్లె. యాడా తగ్గిచ్చలే, యాడా తప్పిచ్చుకోలే. మా అమ్మ లోపల నుంచి వచ్చి తలుపు పట్టుకోని నిలబడుకుంది. మా అక్క కొడుకు ఏడుస్తాండాడు.

మా నాయన అరుగు మీద కూర్చున్యాడు. కాళ్లకు ఇంగా మట్టి అట్లే ఉండాది.

"నాకు చెప్తే ఏం చేస్తాననుకున్యారు రా మీరిద్దరూ?"

"కొడ్తావని."

"కొట్టేవాన్ని" అన్యాడు. "బండి గూడా అమ్మేవాన్ని. వాడు అలిగి, రెండు దినాలు అన్నం తినకుండా ముసుగు తన్ని పండుకునేవాడు."

తల ఎత్తి సొట్ట దిక్కు చూసినాడు.

"మూడో దినం లేచి తినేవాడు కదరా."